రోదసిలో సరుకుల బండి

రోదసి అనగానే మనకు ఆర్మ్‌స్ట్రాంగ్, రాకేశ్ శర్మ గుర్తొస్తారు. అక్కడ కాపురం చేసేవాళ్ళకు తిండీ నీళ్ళూ మోసే బండి సంగతి ఎవరికీ పట్టదు. 1978 జనవరిలో సోవియట్ వాళ్ళు సల్యూత్-6 కేంద్రానికి ప్రోగ్రెస్ అనే మనుషుల్లేని నౌకను పంపారు. తిండి, ఇంధనం, పనిముట్లు కలిపి రెండు టన్నుల పైమాటే. దానికి తిరుగు ప్రయాణం లేదు. చెత్త నింపి వదిలేస్తే గాలిలోకి దిగుతూ కాలిపోతుంది. ఆ సరుకుల పుణ్యమా అని రొమనెంకో, గ్రెచ్కో 96 రోజులు పైన ఉండగలిగారు.

అలాంటి బండే ఒకటి 1997 జూన్ 25న మీర్ కేంద్రాన్ని గుద్దింది. నేనప్పుడు ఇంకా చదువుకుంటున్నాను, పట్టించుకోలేదు. ఈ మధ్య వివరాలు చదివితే మాత్రం, ఇదేదో మా ఆఫీసు కథలాగే ఉందనిపించింది.

మామూలుగా ప్రోగ్రెస్ 'కుర్స్' అనే రాడార్ సాయంతో తనంతట తానే వచ్చి అతుక్కునేది. ఆ పరికరం కీవ్‌లో తయారయ్యేది. సోవియట్ యూనియన్ విడిపోయాక కీవ్ పరాయి దేశమైంది, ధర పెరిగింది, రష్యా ఖజానా ఖాళీ. మీర్‌లో ఉన్న మనిషే టీవీ తెర చూస్తూ నౌకను నడిపితే ఆ ఖర్చు తప్పుతుందని ఆశ. మార్చిలో ప్రయత్నించారు. తెర మీద బొమ్మే రాలేదు, నౌక పక్కనుంచి దూసుకుపోయింది. రాడారే కెమెరాకు అడ్డొస్తోందని అనుమానించి, రెండోసారి దాన్ని ఆపేయమన్నారు. దూరమెంత, వేగమెంత అని చెప్పే అంకెలు దాంతోపాటే పోయాయి.

నడిపింది వసీలీ సిబ్లియెవ్. భూమ్మీద సాధన చేసి అప్పటికి నెలలు దాటింది. తెర నిండా మబ్బులు, వాటిలో కలిసిపోయిన మీర్. సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. సుమారు ఏడు టన్నుల నౌక స్పెక్టర్ అనే గదిని గుద్దింది. గాలి పోతోందని చెవులకే తెలిసింది. లజూత్కిన్, అమెరికన్ మైకేల్ ఫోల్ కలిసి గుమ్మంలోంచి పోయే తీగలు ఊడబీకి, ఊడని వాటిని కోసేసి, మూత పెట్టేశారు. ప్రాణాలు దక్కాయి గానీ సగం కరెంటు పోయింది. చీకట్లో మీర్ దొర్లసాగింది. ఫోల్ కిటికీ దగ్గర బొటనవేలు చాచి, నక్షత్రాల కదలికను బట్టి అది ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కగట్టాడు. సోయజ్ ఇంజన్లతో దాన్ని అదుపులోకి తెచ్చి, పలకలను మళ్ళీ సూర్యుడి వైపు తిప్పారు. కంప్యూటర్లతో బతికే నాకు ఆ బొటనవేలంటే మహా ఇష్టం!

నింద మొదట సిబ్లియెవ్ మీదే పడింది. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఖర్చు తగ్గించమని ఒకరంటారు, కొలిచే పరికరం ఆపేయమని ఇంకొకరంటారు, ఆఖరికి మీట మీద చెయ్యి ఉన్నవాడు దొరికిపోతాడు. ఇక్కడ ఉద్యోగాలు చేసే మనకీ వరస కొత్తేమీ కాదు.

జూలై 7న మరో ప్రోగ్రెస్ మరమ్మతు సామాను తెచ్చింది. ఆగస్టు 22న సొలొవ్యోవ్, వినొగ్రాదొవ్ గాలిలేని స్పెక్టర్‌లోకి దిగి తీగలు కలిపారు. గాలి పోయిన కన్నం ఎక్కడుందో మాత్రం చివరిదాకా దొరకలేదు. 2001 మార్చి 23న మీర్‌ను పసిఫిక్ సముద్రంలోకి దించడానికి ఆఖరుసారి ఇంజన్ మండించింది కూడా ఒక ప్రోగ్రెస్ నౌకే.