లేసరు దీపానికి నాడి పరీక్ష

ఇంటి రౌటరులోనికి గాజు తంతువు వచ్చి చేరే చోట వేలెడంత లోహపు పేటిక ఒకటి ఉంటుంది. దానిని కాంతి మాడ్యూలు అంటారు. విద్యుత్ సంకేతాలను కాంతిగాను, వచ్చిన కాంతిని తిరిగి విద్యుత్తుగాను మార్చడం దాని పని. అందులోని లేసరు దీపం ఆరిపోతే ఇంటిలోని టెలిఫోను, చదువు, వ్యాపారం అన్నీ ఒక్కసారిగా స్తంభిస్తాయి. ఆరిన పిమ్మట తెలియడంలో వింత లేదు. ఆరబోతున్నదని ముందుగా గ్రహించడం ఎట్లు?

ఈ ప్రశ్న లేసరంత పాతది. 1966లో ఇంగ్లండులోని హార్లో పట్టణంలో చార్లెస్ కావో, జార్జి హాక్‌హాం అనే ఇంజనీర్లు గాజులోని మలినాలను తొలగించగలిగితే కాంతితో వార్తలు పంపవచ్చునని చూపారు. కిలోమీటరుకు 20 డెసిబెళ్ళ నష్టం, అనగా నూటికి ఒక వంతు కాంతి మిగిలినా చాలునని వారి లెక్క. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు అంతకంటె మేలైన తంతువును తీశారు. ఆ సంవత్సరమే లెనిన్‌గ్రాడ్‌లో అల్ఫెరోవ్ బృందం, బెల్ ప్రయోగశాలలో హయాషి, పానిష్‌లు గది ఉష్ణోగ్రత వద్ద ఎడతెగక వెలిగే అర్ధవాహక లేసర్లను సాధించారు. దారీ, దీపమూ ఒకే ఏట దొరికాయి.

కాని ఆ దీపాలు అల్పాయుష్కాలు. స్ఫటికంలోని లోపాలు చీకటి గీతలుగా వ్యాపించి వాటిని చంపేవి. శుద్ధమైన స్ఫటికాలు పెంచడం నేర్చిన తరువాత ఆయుర్దాయం ఏండ్లకు పెరిగింది. అయినా ముసలితనం తప్పలేదు. వయసు మళ్ళిన లేసరుకు అదే వెలుగు నివ్వడానికి ఎక్కువ విద్యుత్ ప్రవాహం కావాలి.

దీనికి ఇంజనీర్లు చక్కని ఉపాయం పన్నారు. లేసరు వెనుక ముఖం నుండి వెలువడే కొద్దిపాటి కాంతిని ఒక ఫొటోడయోడు కొలుస్తూ ఉంటుంది. వెలుగు తగ్గగానే ప్రవాహం తనంతట తానే పెరుగుతుంది. మంచి చికిత్సే, కాని రోగాన్ని దాచే చికిత్స! బయటికి వచ్చే వెలుగు చివరి దాకా నిండుగానే కనిపిస్తుంది. కనుక వెలుగును చూసి మురిసిపోక, దానికోసం ఖర్చవుతున్న ప్రవాహాన్ని చూడాలి.

2000 తరువాతి తొలి ఏండ్లలో తయారీదారులు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472 అనే ఒప్పందం చేసుకున్నారు. ఉష్ణోగ్రత, వోల్టేజి, లేసరు ప్రవాహం, పంపుతున్న కాంతి, అందుతున్న కాంతి: ఈ అయిదింటిని మాడ్యూలే కొలిచి తన జ్ఞాపకంలో నియమిత స్థానాల్లో ఉంచాలి. రౌటరు రెండు తీగల మీదుగా వాటిని అడిగి చదువుతుంది.

ఆ అంకెలు రోగమెక్కడో కూడ చెబుతాయి. లేసరు ప్రవాహం మారకుండా, అందుతున్న కాంతి మాత్రమే తగ్గితే, ఇంటి లేసరు నిర్దోషి. దారిలో తంతువు వంగిందనో, సంధి మీద దుమ్ము పడిందనో అనుమానించవచ్చు. మూడు డెసిబెళ్ళు తగ్గితే సగం కాంతి పోయినట్లే. ఇండ్లకు వాడే జీపాన్ పద్ధతిలోని బి ప్లస్ తరగతిలో ఇంటి పరికరం -27 డీబీఎం దాకా, అనగా మిల్లీవాటులో అయిదువందలవ వంతు కాంతిని గూడ, చదవగలగాలి.

మండువేసవి మధ్యాహ్నం ప్రవాహం పెరిగితే కంగారు వలదు. వేడెక్కిన లేసరుకు సహజంగానే ఎక్కువ ప్రవాహం కావాలి. అందుచేత ప్రవాహాన్ని ఉష్ణోగ్రతతో కలిపి చదవాలి. కొత్త మాడ్యూలు పెట్టిననాటి అంకెలు వ్రాసి ఉంచుకుంటే, అదే వేడి వద్ద నేటి ప్రవాహం ఎంత హెచ్చిందో ఆ కాగితమే చెబుతుంది.