గదికి ఎంత గాలి కావాలి? ఢిల్లీలో ఈ లెక్క రెండుసార్లు వేయాలి

2024 నవంబరు 18న కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఢిల్లీకి ప్రకటించిన వాయు నాణ్యత సూచీ 494. ఆ కొలమానం 500 దగ్గరే ఆగిపోతుంది. అలాంటి రోజుల్లో ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ అంతటా కిటికీలు మూతపడతాయి. అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ కిటికీ మూసినంత మాత్రాన లోపలివాళ్లు ఊపిరి వదలడం ఆగదు. గదికి ఎంత గాలి కావాలనేది ఎక్కడైనా ఒక లెక్క. ఢిల్లీలో మాత్రం రెండు లెక్కలు: బయటి గాలి ఎంత రావాలి, వచ్చినదాన్ని ఎంత వడకట్టాలి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చాలా ఇళ్లలో ప్యూరిఫయర్ ఉన్నా తెల్లారేసరికి తల దిమ్ముగా ఉంటోంది.

మొదటి లెక్క: మనుషుల్ని బట్టి

కూర్చుని చదువుకునే పెద్దమనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నిద్రలో 12, 13 లీటర్లు. బయటి గాలిలో అది దాదాపు 430 పీపీఎం ఉందనుకుందాం. లోపల 1000 పీపీఎం దాటకూడదన్న గీతను 1858లోనే మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ గీశాడు. ఆ మోతాదులో ఈ వాయువు విషమేమీ కాదు. ఒకరు వదిలిన ఊపిరిని ఇంకొకరు ఎంతగా పీలుస్తున్నారో చెప్పే గుర్తు మాత్రమే.

ఇక భాగహారమే. లోపలికీ బయటికీ అనుమతించిన తేడా 570 పీపీఎం, అంటే ఘనమీటరు గాలికి 0.57 లీటర్లు. 18ని 0.57తో భాగిస్తే సుమారు 32. మనిషికి గంటకు 32 ఘనమీటర్ల బయటి గాలి కావాలన్నమాట. ఫ్యాన్ల దుకాణంలో వాడే కొలతలో ఇది 19 సీఎఫ్‌ఎం. ఒక సీఎఫ్‌ఎం అంటే గంటకు 1.7 ఘనమీటర్లు.

దీన్ని ఓల్డ్ రాజిందర్ నగర్‌కో ముఖర్జీ నగర్‌కో తీసుకెళ్దాం. సివిల్స్ కోసం వెళ్లిన మన పిల్లలు రోజుకు పది పన్నెండు గంటలు గడిపే చోటు అక్కడ ‘లైబ్రరీ’ అని పిలిచే స్టడీ హాలు. 2024 జులై 27న అలాంటి ఒక సెల్లార్‌లోకి వరదనీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయాక సెల్లార్ల భద్రత మీద పెద్ద చర్చే జరిగింది. అది ఎక్కువగా నీళ్ల గురించి, బయటపడే దారుల గురించి. గాలి గురించి అడిగినవాళ్లు తక్కువ.

హాలు పొడవు 30 అడుగులు, వెడల్పు 20, ఎత్తు 9 అనుకుందాం. గది పరిమాణం 153 ఘనమీటర్లు, కుర్చీలు నలభై. నలభై మందికి గంటకు 32 చొప్పున 1280 ఘనమీటర్లు, అంటే సుమారు 750 సీఎఫ్‌ఎం. గదిలోని గాలి గంటకు ఎనిమిదిసార్లకు పైగా మారాలి. బయటి గాలి అసలు రాకపోతే? నలభై మంది గంటకు 720 లీటర్లు వదులుతారు. ఆ లెక్కన హాలు 1000 పీపీఎం దాటడానికి ఏడు నిమిషాలు చాలు.

సీలింగ్ ఎత్తుగా ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. గది పెద్దదైతే గాలి పాడవడానికి ఎక్కువ సేపు పడుతుందంతే. చివరికి ఎంత దగ్గర ఆగుతుందన్నది తలలెన్ని, లోపలికొచ్చే గాలి ఎంత అన్నదాన్ని బట్టే ఉంటుంది. అందుకే గది సైజు ఒక్కటే అడిగి ఫ్యాన్ అమ్మేవాళ్ల మాట నమ్మడం కష్టం.

ఇంజినీర్లు వాడే ఆష్రే 62.1 ప్రమాణం రెండింటినీ కలుపుతుంది. మనుషులకు కొంత, రంగులు, ఫర్నిచర్, కార్పెట్ల వాసనల కోసం నేలను బట్టి కొంత. తొమ్మిదేళ్లు దాటినవారి తరగతి గదికైతే మనిషికి 10 సీఎఫ్‌ఎం, చదరపు అడుగుకు 0.12. మన హాలుకు అది 400కు 72 కలిపి 472 సీఎఫ్‌ఎం. ఆ గాలితో కార్బన్ డయాక్సైడ్ 1330 పీపీఎం దగ్గర నిలుస్తుంది. ప్రమాణం పాటించినంత మాత్రాన 1000 దాటదన్న హామీ లేదన్న సంగతి ఇక్కడ గమనించాలి. ఆ ప్రమాణం చెప్పేది కనీసం.

ఏసీ సంగతి

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని చుక్క కూడా లోపలికి తేదు. గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట వేలాడే యూనిట్‌ను చూసి అక్కడినుంచి గాలి వస్తోందనుకోవడం సర్వసాధారణం. ఆ రెండింటి మధ్యా ఉండేది గ్యాస్ పైపులు, కరెంటు తీగలు, నీరు పోయే గొట్టం మాత్రమే.

రెండో లెక్క: ధూళిని బట్టి

ఇప్పుడు పడకగదికి వద్దాం. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు, అంటే 41 ఘనమీటర్లు. ఇద్దరు నిద్రపోతున్నారు. వాళ్లకు గంటకు 45 ఘనమీటర్లు చాలు. తలుపులూ కిటికీలూ బిగించినా సందుల్లోంచి గంటకు 12 ఘనమీటర్లు వస్తాయనుకుంటే, కార్బన్ డయాక్సైడ్ 2500 పీపీఎం వైపు పాకుతుంది.

బయట పీఎం 2.5 ఘనమీటరుకు 300 మైక్రోగ్రాములు ఉన్న రోజును తీసుకుందాం. మన సూచీలో 250 దాటితేనే ‘తీవ్రం’. ధూళి కొంత నేలా గోడల మీద దానంతటదే పేరుకుంటుంది. దాన్ని గంటకు 8 ఘనమీటర్ల శుద్ధ గాలికి సమానమనుకుందాం. కిటికీలు మూసి, ప్యూరిఫయర్ లేకపోతే గదిలో ధూళి 180 దగ్గర నిలుస్తుంది. మూసిన కిటికీ కాపాడేది ఇంతే.

గంటకు 300 ఘనమీటర్ల శుద్ధ గాలినిచ్చే ప్యూరిఫయర్ పెడితే అది 11కు దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజువారీ పరిమితి 15 కంటే తక్కువ. అద్భుతమే, కాకపోతే ఊపిరి మాత్రం 2500 పీపీఎం దగ్గరే ఉంది. ప్యూరిఫయర్ ధూళిని పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టదు. పోనీ కిటికీ కాస్త తెరిచి 45 ఘనమీటర్లు రానిద్దాం. గంటకు 13,500 మైక్రోగ్రాముల ధూళి వెంట వస్తుంది. అదే ప్యూరిఫయర్‌తో గది 38 దగ్గర నిలుస్తుంది. మన దేశ రోజువారీ పరిమితి 60 కంటే నయం, 15 కంటే చాలా ఎక్కువ. ఈ పద్ధతిలోనే 15కు దించాలంటే దాదాపు మూడు ప్యూరిఫయర్లు కావాలి.

దీనికి విరుగుడు గాలిని గుమ్మం దగ్గరే వడకట్టడం. నూటికి తొంభై పాళ్ల ధూళిని ఆపే ఫిల్టర్ గుండా చిన్న ఫ్యాన్‌తో 45 ఘనమీటర్లు లోపలికి తోస్తే వచ్చే ధూళి 1350 మైక్రోగ్రాములే. ప్యూరిఫయర్ లేకున్నా గది 25 దగ్గర, ఉంటే 4 దగ్గర నిలుస్తుంది. పైగా గాలి లోపలినుంచి బయటికి తోసుకుంటుంది కాబట్టి సందుల్లోంచి మురికిగాలి రావడం తగ్గుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. అది లాగిన ప్రతి ఘనమీటరుకూ బదులు సందుల్లోంచి వడకట్టని గాలి వస్తుంది. వంటింట్లో అది తప్పదు, పడకగదిలో పెట్టకపోవడమే మేలు.

ఫ్యాన్ పెట్టె మీద రాసిన సీఎఫ్‌ఎంను నమ్ముకోకూడదు. అది అడ్డేమీ లేనప్పటి అంకె. ఫిల్టర్ బిగిస్తే తగ్గుతుంది, ఫిల్టర్ నిండితే ఇంకా తగ్గుతుంది. గదిలో చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టి రాత్రంతా చూస్తే అసలు ఎంత గాలి వస్తోందో తెలిసిపోతుంది.

గాలి బాగున్న నెలల్లో ఇంత యంత్రాంగం అక్కర్లేదు. ఎదురెదురుగా రెండు కిటికీలుంటే, తెరిచిన వైశాల్యాన్ని గాలి వేగంతో గుణించి, గాలి నేరుగా తగిలితే 0.6తో, ఏటవాలుగా తగిలితే 0.3తో మళ్లీ గుణిస్తే సరిపోతుంది. మీటరు ఎత్తు కిటికీని అయిదు సెంటీమీటర్లు తెరిస్తే, సెకనుకు అరమీటరు వేగపు పిల్లగాలికి కూడా గంటకు 54 ఘనమీటర్లు వస్తాయి. ఇద్దరి నిద్రకు అది ధారాళం. ఒకే గోడకు కిటికీ ఉన్న గదికి మాత్రం ఈ సూత్రం పనికిరాదు, అక్కడ వచ్చే గాలి చాలా తక్కువ.

మొక్కల గురించి ఒక మాట. ఇంట్లో కుండీలు పెడితే గాలి శుభ్రపడుతుందన్న ప్రచారం ఢిల్లీలో బలంగా ఉంది. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, రసాయన ఆవిర్లను తొలగించడంలో మామూలు భవనంలోని గాలి మార్పిడికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. కుండీలు అందానికి పెట్టుకోవచ్చు.

ఈ లెక్కలేవీ పనిచేయని సందర్భం ఒకటుంది, బొగ్గుల కుంపటి. 2024 జనవరిలో ఢిల్లీ అలీపుర్ ప్రాంతంలో చలికి కుంపటి పెట్టుకుని మూసిన గదిలో పడుకున్న ఒకే కుటుంబంలోని నలుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు పిల్లలు. అక్కడ ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్యూరిఫయర్ దాన్ని ఆపలేదు. పొగ కనబడనంత మాత్రాన నిప్పు చల్లారినట్టు కాదు, ఎర్రటి బొగ్గు గంటల తరబడి ఆ వాయువును వదులుతూనే ఉంటుంది. నిద్రపోయే గదిలో కుంపటికి సరిపడా గాలి ఎంత అని లెక్కకట్టడం కాదు, దాన్ని గడప బయట పెట్టాలి.