టెంకా, పాత సీరియలూ

మొన్న వేసవిలో నూజివీడు వెళ్ళినప్పుడు అమ్మ తన ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున ఒక సీరియల్. వారంవారం పత్రికలోంచి చింపి, దారంతో కుట్టి, పైన క్యాలెండరు అట్ట వేసి దాచుకున్నది. నేను రెండో క్లాసు చదివేనాటిది. పుస్తకంగా ఎప్పుడూ రాలేదు. రాసినావిడ దగ్గరైనా ఉందో లేదో!

ఆశగా పేజీ తిప్పబోయాను. "మెల్లిగానే, పొడైపోతుంది" అని అమ్మ అంటూనే ఉంది, మూల ఊడి నా చేతిలోకి వచ్చేసింది. కాగితమంతా తాండ్ర రంగు. అదే పెట్టెలో, అంతకంటే పాతదైన తాతయ్యగారి లెక్కల పుస్తకం మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. ఇదెక్కడి న్యాయం?

నా బి.ఏ.లో ఇలాంటివి చెప్పలేదు గనక కాస్త చదివి తెలుసుకున్నాను. చెట్టులోని పీచునంతా పట్టి ఉంచే బంక ఒకటుంది. పేరు లిగ్నిన్. కర్రలో దాదాపు నాలుగోవంతు అదే. 1838లో ఫ్రాన్సులో పయాన్ అనే ఆయన కర్రను ఆమ్లంలో వేసి పీచును వేరుచేశాడు. ఆ పీచుకు సెల్యులోజ్ అని పేరొచ్చింది, గౌరవమూ వచ్చింది. బంకను మాత్రం ఆయన పీచుమీద పేరుకున్న పెచ్చుకింద జమకట్టాడు. ఆ చిన్నచూపు చాలాకాలం పోలేదు.

1840లలో జర్మనీలో కెల్లర్ అనే నేతగాడు కర్రను తిరిగే రాతికి ఆనించి నూరే పద్ధతి కనిపెట్టాడు. మనం సానమీద గంధం తీసినట్టే! కాగితం చవకైంది. చవకైంది గనకే వారపత్రికలు మన వంటింటిదాకా వచ్చాయి. కానీ బంకంతా కాగితంలోనే ఉండిపోయింది. వెలుతురూ గాలీ తగిలేకొద్దీ పసుపెక్కేది అదే.

తెల్లకాగితం కథ వేరు. మన రాజమండ్రిలో 1924లో పెట్టిన కాగితం మిల్లు ఉంది కదా, అలాంటిచోట వెదురూ సరుగుడూ ఘాటైన మందుల్లో ఉడకబెడతారు. బంక కరిగి నల్లటి ద్రావకంగా దిగిపోతుంది. దాన్ని చిక్కగా కాచి బాయిలర్లో మండిస్తే మిల్లుకు ఆవిరీ కరెంటూ వస్తాయి, పోసిన మందులూ తిరిగి దక్కుతాయి.

మా అమ్మమ్మ ఎండిన మామిడి టెంకలు పొయ్యిలో పెట్టేది. అదీ ఇదీ ఒకటే తెలివి. తప్పు పట్టను. కానీ అంతకన్నా మంచి పనికి రాదా అంటే, వస్తుంది. 1930లలో అమెరికాలో కాగితం మిల్లు వ్యర్థంలోంచి వెనిలిన్ తీశారు. నార్వేలో కర్రనుంచి ఇప్పటికీ తీస్తున్నారు. అవునండీ, మనం కేకులో వేసుకునే వెనిలా వాసనే! పాత పుస్తకాలకు ఉండే ఆ తియ్యటి వాసన వెనకా ఈ బంకే ఉందంటారు. ఇల్లు కట్టేటప్పుడు కాంక్రీటు నీళ్ళు తక్కువ పట్టేలా కలిపే మందుల్లోనూ అదే. ప్లైవుడ్ జిగురులో పెట్రోలియం సరుకు కొంత తగ్గించి దీన్ని వాడుతున్నారు.

టెంక పెంకు అంత గట్టిగా ఉండటానికీ కారణం ఇదే. గుజ్జు తీసిన ప్రతిచోటా గుట్టలుపడే టెంకల్ని చూస్తే ఇప్పుడు నాకు ఊరికే దాటిపోబుద్ధి కావడం లేదు. "ఏమిటే, చెత్తకుప్ప దగ్గర నిలబడ్డావు?" అంది అమ్మ.

మర్నాడు సీరియల్ని పసిపిల్లలా పట్టుకెళ్ళి తెల్లకాగితం మీద జిరాక్స్ తీయించాను. ఊడిన మూలతోబాటు నాలుగు మాటలు పోయాయి. అమ్మకవి కంఠతా వచ్చు. ఆవిడ చెబుతుంటే పెన్నుతో రాసుకున్నాను.