కెట్టువళ్ళం నుండి తెప్పకొలనుకు

మేము చరిత్రకారులము కాము. మెట్రిక్ వరకు చదివి, రైల్వే ఆఫీసులో గుమాస్తా పని చేసుకొనేవారము. అయినను మిత్రులతో చేసిన ఒక పడవ ప్రయాణం మమ్ములను చరిత్ర పుస్తకాల దగ్గరకు నడిపించింది. ఆ సంగతి మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

కిందటి సంక్రాంతి వెళ్ళిన వెంటనే మేము నలుగురు మిత్రులము కోయంబత్తూరు నుండి ఆలప్పుజకు బయలుదేరాము. మేము రాజమండ్రివారము. మిగిలినవారిలో ఒకరిది విజయవాడ, ఒకరిది ఒంగోలు. నాలుగవ వారి ఇంటివారు ఎన్నో తరాలుగా మదురైలోనే ఉన్నారు. ధన్‌బాదు నుండి ఆలప్పుజకు పోయే ఎక్స్‌ప్రెస్సు విశాఖ, రాజమండ్రి, విజయవాడల మీదుగా వచ్చే బండి. అది మన ఊళ్ళ దుమ్ము మోసుకొని వస్తుందని మాకు దానిపై అభిమానం. పాలక్కాడు కనుమ దాటగానే భాష మారింది, చెట్లు మారాయి. పరదేశం వచ్చినట్లే అనిపించింది.

ఆలప్పుజలో మేమెక్కిన పడవను కెట్టువళ్ళం అంటారు. 'కెట్టు' అంటే మన కట్టు, 'వళ్ళం' అంటే పడవ. ఆంజిలి చెక్కలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి బిగించి కడతారు. మేకు కొట్టరు. సముద్రమట్టానికి దిగువన పంట పండే కుట్టనాడు నుండి కొచ్చికి బియ్యం మోసినవి ఈ పడవలే. రోడ్లు, లారీలు వచ్చాక వీటికి పని తగ్గింది. 1989లో ఎర్నాకుళం నుండి ఆలప్పుజకు రైలు కూడా వచ్చింది. 1990ల తొలినాళ్ళలో వాటిమీద గదులు కట్టి యాత్రికులను తిప్పడం మొదలుపెట్టారు. బియ్యం మూటలుండిన చోట మేము మంచాలపై పడుకొని వేంబనాడు కాయలు అందాలు చూచాము. మా గోదావరి మీద లాంచీ ప్రయాణాలు గుర్తుకు వచ్చాయి. సాయంత్రం జాలరులు వలలు వేసే వేళకు పడవను గట్టున కట్టేశారు.

అంతా హాయిగానే గడిచింది. మధ్యాహ్నం జరిగిన ఒక చిన్న సంగతి మాత్రం ఇప్పటికీ మనసును గుచ్చుతూ ఉన్నది. పడవలో వంట కాగానే మదురై మిత్రుడు "కూడు తిందాం రాండి" అని పిలిచాడు. విజయవాడ మిత్రుడు పకపక నవ్వి, "కూడేమిటయ్యా, మేమేమన్నా కూలికి వచ్చామా? భోజనం అనరాదూ!" అన్నాడు. మేమూ నవ్వాము. మదురై మిత్రుడు నవ్వలేదు. చాలాసేపు నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడ్డాక మాత్రం, "మా తెలుగు మీకు నవ్వులాటగా ఉంది. ఒకసారి మా వూరు రాండి. మా తెప్పం చూసి పోండి" అన్నాడు.

మాట కాదనలేక కొన్నాళ్ళకే మదురై వెళ్ళాము. తై మాసంలో పుష్యమీ నక్షత్రం నాడు, ఊరికి తూర్పున ఉన్న వండియూరు మారియమ్మన్ తెప్పకొలనులో ఉత్సవం. ఆ కొలను తవ్వించినవాడు తిరుమల నాయకుడు. అది 1645 నాటి మాట. పుష్యమి ఆయన జన్మనక్షత్రం. ఒక ప్రక్క సుమారు 1000 అడుగులు, మరొక ప్రక్క సుమారు 950 అడుగులు. చుట్టూ రాతిమెట్లు, నడుమ దీవివలె మండపం. తన మహలుకు ఇటుకలు చేయించడానికి మట్టి తవ్విన గుంటనే నాయకుడు కొలను చేయించాడని ఊరివారు చెప్పుకొంటారు. ఆ తవ్వకంలో బయటపడిన వినాయకుడే మీనాక్షి గుడిలో ముక్కురుణి వినాయకుడుగా పూజలందుకొంటున్నాడని కూడా అంటారు.

ఉదయమే మీనాక్షీ సుందరేశ్వరులు ఊరేగి కొలనుకు వచ్చారు. అలంకరించిన తెప్పపై ఎక్కారు. ఆ తెప్పకు తెడ్డు లేదు, తెరచాప లేదు, యంత్రం లేదు. గట్టున నిలిచిన జనం పెద్ద తాడు పట్టుకొని లాగుతూ నడుస్తుంటే అది మండపం చుట్టూ తిరిగింది. రాత్రి దీపాల వెలుగులో మరల తిరిగింది. విజయవాడ మిత్రుడు దసరా ముగింపున కృష్ణలో జరిగే దుర్గమ్మ తెప్పోత్సవాన్ని తలచుకొన్నాడు. మేము భద్రాద్రి రాముని హంసవాహనాన్ని తలచుకొన్నాము. 'తెప్ప' మన మాట, 'తెప్పం' వారి మాట. రెండింటికీ మధ్య దూరం ఒక్క సున్న.

కొలను ప్రతి ఏడూ ఇట్లు నిండి ఉండలేదు. దీనికి నీరు వైగై నుండి కాలువ ద్వారా రావాలి. ఆ దారి పూడిపోయి, చాలా సంవత్సరాలు కొలను ఎండి, తెప్పను నీటిలో తేల్చడానికే వీలు లేకపోయింది. ఇటీవలి ఏండ్లలో కాలువ బాగుచేశాక మళ్ళీ నీళ్ళు నిండాయి.

ఆ మెట్లపై కూర్చుండి మదురై మిత్రుడు చెప్పినవీ, తరువాత మేము చదివినవీ కలిపి చెబుతాము. విజయనగర రాయల తరపున 1529లో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాడు. తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు ఏలాడు. రాణి మంగమ్మ పేర నిలిచిన సత్రం మదురై స్టేషను ఎదుటనే ఉన్నది. రైలు దిగి దాని ముందునుండి ఎన్నిసార్లు నడిచామో! అది మన తెలుగు రాణిదని తలచినది లేదు. 1736లో రాణి మీనాక్షితో ఆ పాలన ముగిసింది.

రాజ్యం పోయింది గాని భాష పోలేదు. రాజులతో వచ్చినవారంతా రాజులు కారు. నల్లరేగడిలో పత్తి పండించిన రైతులు, మగ్గం నేసినవారు, తోలుపని చేసినవారు, ఊళ్ళు ఊడ్చినవారు కూడా తెలుగు మాట్లాడేవారే. వారికి ఆస్థాన కవులు లేరు. చాలామందికి తెలుగు బడి లేదు. తల్లి నోట విన్నదే చదువు. కోయంబత్తూరులో 1910లో లక్ష్మీ మిల్లు స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడుగారు, యంత్ర నిర్మాణంలో దేశమంతా పేరుపొందిన జి.డి. నాయుడుగారు (1893–1974) ఇట్టి కుటుంబాలవారే. ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్‌గారు (1923–2021) ఇంట తెలుగు మాట్లాడి తమిళంలో వ్రాశారు. తెలుగువారి వలసను 'గోపల్ల గ్రామం' నవలగా చెప్పారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. మన వలస కథను మనం తమిళంలో చదువుకోవలసి వచ్చింది!

ఇక ఆ 'కూడు' మాట. అది ప్రాచీనమైన అచ్చ తెలుగు మాట. 'కూడు, గుడ్డ, గూడు' అని మనమే నేటికీ అంటాము. 'భోజనం' సంస్కృతం నుండి తెచ్చుకొన్నది. మనం మోటు అని వదలిన మాటను వారు తల్లి ఇచ్చిన నగవలె దాచుకొన్నారు. దాచినవారిని చూచి పోగొట్టుకొన్నవారు నవ్వడం ఏమి న్యాయం? విజయవాడ మిత్రుడు ఆ రాత్రి తెప్పకొలను గట్టుననే, "అన్నా, ఆనాడు తప్పుగా మాట్లాడాను" అని మదురై మిత్రుని చేయి పట్టుకొన్నాడు. మేమూ నవ్వినవారమే గనుక మాదీ అదే మాట.

ఉద్యోగాలకు నిన్న మొన్న వచ్చిన మనం సంఘాలు పెట్టుకొంటాము, పండుగలు చేసుకొంటాము. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువారిని, యాస వేరని దూరం పెడతాము. వారికి మాట ఉన్నది, అక్షరం లేదు. మన పిల్లలలో చాలామందికి అక్షరమూ లేదు, మాటా జారిపోతున్నది. ఈ ఏటి నుండి మన సభలకు వారిని ఇంటింటికీ వెళ్ళి పిలుద్దాము. మన పిల్లలతోపాటు వారి పిల్లలకూ ఓనమాలు నేర్పుదాము. వారి పెద్దల నోటి మాటలు, పాటలు మనం వ్రాసి పెట్టుకొందాము. తెప్పను ఒక్కరు లాగలేరు.

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు మదురై మిత్రునికి చదివి వినిపించాము. ఆయనకు తెలుగు చదవడం రాదు. చివరిదాకా విని, "ఆ కూడు మాట కొట్టేయకండి, అట్లే ఉండనీండి" అన్నాడు. అట్లే ఉంచాము.