పాల్వాయి గేటు యంత్రం

ఓటును చెరిపే విద్య పాతదే. బ్యాలెట్ పెట్టెల కాలంలో లోపల సిరా పోస్తే చాలు, ఊరి తీర్పు ముద్దయిపోయేది. 2004 లోక్‌సభ ఎన్నికలతో దేశమంతటా ఈవీఎంలు వచ్చినా, చెరిపేవాడి చెయ్యి పాత అలవాటునే నమ్ముకుంది. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు 202వ పోలింగ్ కేంద్రంలో యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టారు. పెట్టె పగిలింది, డేటా మాత్రం భద్రంగానే ఉందని ఎన్నికల అధికారులు ప్రకటించి, కొత్త యంత్రంతో పోలింగ్ కొనసాగించారు. ఎందుకంటే ఓటు ప్లాస్టిక్ డొల్లలో ఉండదు. దాని లెక్క కంట్రోల్ యూనిట్ చిప్‌లో, ఓటరు సంతకమో వేలిముద్రో 17ఏ రిజిస్టరులో, గుర్తు వీవీప్యాట్ చీటీలో ఉంటాయి. ఒకచోట చెరిపితే మిగతా రెండూ తేడా చూపిస్తాయి. ఇక కొట్టిన చెయ్యి వెబ్‌కెమెరాలో పడనే పడింది.

పగలగొట్టడం వేరు, కంప్యూటర్లో ఫైళ్లను గుట్టుగా తుడిచేయడం వేరు కదా అనవచ్చు. నిజమే. మామూలుగా డిలీట్ చేస్తే హార్డ్‌డిస్కులో పోయేది చిరునామానే, సరుకు చాలాసార్లు అక్కడే ఉంటుంది. పూర్తిగా తుడిచే సాఫ్ట్‌వేర్ వాడితే సరుకూ పోతుంది, కానీ ఆ సాఫ్ట్‌వేర్ నడిచిన గుర్తు లాగ్ ఫైళ్లలో మిగలవచ్చు. అసలు చిక్కు ఎస్‌ఎస్‌డీలతో. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ చేసిన భాగాలను డిస్కు తనంతట తానే ఖాళీ చేసేస్తుంది. కాబట్టి ఖాళీ కనిపించగానే కుట్ర అనేయడం తొందరపాటు. దర్యాప్తు నోటీసు అందిన గంట, తుడుపు జరిగిన గంట పక్కపక్కన పెట్టి చూడాలి. డిస్కు ముందు పాల్వాయి గేటులోలా కెమెరా ఉండదు మరి.