సీసాకు హెచ్చరిక, పుస్తకానికి స్వేచ్ఛ

1862లో లండన్ నగరంలో విలియం బాంటింగ్ అనే పెద్దమనిషికి చెవులు సరిగా వినిపించడం మానేశాయి. అంత్యక్రియల ఏర్పాట్లు చేయడం ఆయన వృత్తి. రాజకుటుంబంలో ఎవరైనా పోతే పిలుపు ఆ ఇంటివాళ్లకే వచ్చేది. వయసు దాదాపు 66, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 202 పౌన్లు, అంటే దాదాపు 92 కిలోలు. వంగి బూటు తాళ్లు కట్టుకోలేడు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి మెల్లగా దిగేవాడు. ఒళ్లు తగ్గించుకోవడానికి ఆయన పడని పాట్లు లేవు. పొద్దున్నే లేచి పడవ నడిపితే కండతో పాటు ఆకలీ పెరిగింది. ఆవిరి స్నానాలు చేశాడు, మందులు మింగాడు. బరువు మాత్రం కదల్లేదు.

చివరికి చెవుల కోసం వెళ్లిన డాక్టరు దగ్గర దారి దొరికింది. ఆ డాక్టరు పేరు విలియం హార్వే. కొన్నేళ్ల కిందట ఆయన పారిస్ వెళ్లినప్పుడు, కాలేయం తనంతట తానే చక్కెర తయారు చేస్తుందని క్లాడ్ బెర్నార్డ్ చెప్పిన ఉపన్యాసాలు విన్నాడు. అవి ఆయన బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానెయ్యమని బాంటింగ్‌కు చెప్పాడు. మాంసం, చేపలు తినమన్నాడు. ఏడాది తిరిగేసరికి 46 పౌన్లు తగ్గాయి. చెవులూ బాగుపడ్డాయి! ఆనందం పట్టలేక బాంటింగ్ 1863లో సొంత డబ్బుతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి ఊరంతా పంచాడు. దాన్ని రాసింది వైద్యుడు కాదు, తగ్గిన మనిషి. పిండిపదార్థాలు తగ్గించే ఆహార పద్ధతులన్నిటికీ ఆనాటి నుంచీ పెద్ద బలం అదే.

వైద్యులు కూడా ఈ దారిని వదిలిపెట్టలేదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్, మూర్ఛరోగులకు కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు అతి తక్కువ ఉండే భోజనం పెట్టి చూడవచ్చని సూచించాడు. అది పని చేసింది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ వాడుతున్నారు. అయితే అక్కడ ప్రతి ముద్దకూ తూకం ఉంటుంది, రక్తపరీక్షలు ఉంటాయి, పక్కన డాక్టరు ఉంటాడు.

అర్ధ శతాబ్దం తర్వాత, 1972లో, న్యూయార్క్ గుండె వైద్యుడు రాబర్ట్ ఆట్కిన్స్ పుస్తకం వచ్చింది. అన్నం, రొట్టె, చక్కెర మానండి, మాంసం, గుడ్లు, వెన్న కడుపునిండా తినండి అన్నాడాయన. ఆకలితో మాడకుండా సన్నబడవచ్చు అంటే ఎవరికి చేదు? పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ పద్ధతిని గట్టిగా విమర్శించింది. సెనేట్ కమిటీ ఆట్కిన్స్‌ను పిలిచి ప్రశ్నలు వేసింది. పాఠకులు మాత్రం పుస్తకాన్నే నమ్మారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

అప్పటికి బోస్టన్‌లో జార్జ్ బ్లాక్‌బర్న్, బ్రూస్ బిస్ట్రియన్ అనే వైద్యులు ఒక సమస్యతో తలపడుతున్నారు. బాగా లావుగా ఉన్న రోగిని పూర్తిగా ఉపవాసం ఉంచితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పిండిపదార్థాలు దాదాపు తీసేసి, కొవ్వు లేని మాంసం, చేప కొంచెం కొంచెం ఇస్తే కండ నిలుస్తుందేమో అని వాళ్లు ప్రయత్నించారు. పొటాషియం, విటమిన్లు విడిగా ఇస్తూ, క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తూ సాగిన జాగ్రత్త పని అది.

ఆ ఆలోచన ఆసుపత్రి గడప దాటి బజారుకు చేరింది. పెన్సిల్వేనియాకు చెందిన రాబర్ట్ లిన్ అనే వైద్యుడు 1976లో ‘ది లాస్ట్ ఛాన్స్ డైట్’ అనే పుస్తకం తెచ్చాడు. అందులో మాంసం లేదు, చేప లేదు, నమలాల్సిన పని అసలే లేదు. సీసాలోని ద్రవం తాగితే చాలు. కబేళాల్లో మిగిలిన తోళ్లు, స్నాయువులను కరిగించి, రంగూ రుచీ కలిపి తయారు చేసిన మాంసకృత్తుల ద్రవం అది. రోజు మొత్తానికి 400 కేలరీలు కూడా అందవు. ఇలాంటి సీసాలు రకరకాల పేర్లతో మందుల దుకాణాల్లో చీటీ అక్కర్లేకుండా దొరికేవి. లక్షల మంది తాగారు, తగ్గారు. చుట్టాలూ స్నేహితులూ చూసి ముచ్చటపడి తామూ కొన్నారు.

1977లో మరణాల కబుర్లు మొదలయ్యాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నడివయసైనా దాటని స్త్రీలు. నెలల తరబడి ఆ ద్రవం మీదే ఉండి, అనుకున్న బరువుకు దగ్గరపడినవాళ్లు. ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయేవారు, గుండె ఆగిపోయేది. 1978 ఆరంభానికి ఇలాంటి మరణాలు దాదాపు 60 లెక్కకు వచ్చాయి. గుండెపోటు అనుకుందామా అంటే, శవపరీక్షలో రక్తనాళాలు పూడుకుపోయిన జాడ లేదు.

లావుగా ఉన్నవాళ్లకు ఎలాగూ గుండెజబ్బు వస్తుందిగా అని కొందరు కొట్టిపారేశారు. అట్లాంటాలోని వ్యాధుల నియంత్రణ కేంద్రం వైద్యులు ఒక్కొక్క కేసూ విడదీసి చూశారు. వేరే జబ్బులున్నవాళ్లను పక్కన పెట్టారు. ఇంకే కారణమూ కనిపించని మరణాలు 17 మిగిలాయి. వాళ్ల గుండె కండను జాతీయ ఆరోగ్య సంస్థలో విలియం రాబర్ట్స్ బృందం సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, కండ పోగులు సన్నగా చిక్కిపోయి కనిపించాయి. దొరికిన ఈసీజీ కాగితాల్లో ఒక్కో కొట్టుకు తర్వాత గుండె తిరిగి సిద్ధం కావడానికి పట్టే సమయం సాగిపోయి ఉంది. అలా సాగిన గుండె ఏ క్షణాన్నయినా లయ తప్పవచ్చు. అంటే ఒళ్లు కరుగుతున్నప్పుడు గుండె కూడా కరుగుతోందన్నమాట. తూకం యంత్రం ముందు నిలబడి సంబరపడేవారికి ఆ సంగతి చెప్పేదెవరు?

మొదటి అనుమానం పొటాషియం మీదికి పోయింది. అది తక్కువైతే గుండె లయ తప్పుతుందని వైద్యులందరికీ తెలుసు. కానీ చనిపోయినవాళ్లలో కొందరు డాక్టరు చెప్పినట్టే పొటాషియం తీసుకున్నవాళ్లు. రెండో అనుమానం మాంసకృత్తుల నాణ్యత మీద. తోలు, స్నాయువుల నుంచి తీసిన కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన పదార్థం అసలు ఉండదు. ఆ రెండింటితోనూ లెక్క పూర్తిగా కుదరలేదు.

అప్పుడు కొందరు పరిశోధకులు ఆరుగురిని ఆసుపత్రిలో ఉంచి, 40 రోజులు అదే ద్రవం ఇచ్చి, పక్కనే ఉండి కనిపెట్టారు. పొటాషియం కూడా ఇచ్చారు. మామూలు ఈసీజీ తీస్తే అంతా సవ్యంగానే ఉంది. ఒంటికి యంత్రం తగిలించి 24 గంటలూ గుండెను రాసుకుంటే, ముగ్గురిలో ప్రాణాంతకం కాగల లయ తప్పుడు బయటపడింది. 1980లో ఈ ఫలితం వెలువడింది. డాక్టరు గదిలో రెండు నిమిషాల పరీక్షకు దొరకని దొంగ, రోజంతా కాపు కాస్తే దొరికాడు. దోషి ఎవరో ఒక్కరే అని మాత్రం తేలలేదు. నాసిరకం మాంసకృత్తులు, ఖనిజాల లోటు, చిక్కిపోయిన గుండె, ఇవన్నీ కలిసి చేసిన పని అనే వైద్యులు భావించారు.

మరి బాధ్యత ఎవరిది? అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1977 చివరికే ప్రజలను హెచ్చరించింది. సీసాల మీద హెచ్చరిక ఉండాలని 1980లో నిబంధన తెచ్చింది. తయారీదారులు కోర్టుకెక్కారు. మార్పులు చేసి 1984లో మళ్లీ తెచ్చారు. రోజుకు 400 కేలరీల లోపు మాంసకృత్తుల ఆహారం తీవ్రమైన జబ్బుకో మరణానికో దారితీయవచ్చని, డాక్టరు పర్యవేక్షణ లేకుండా బరువు తగ్గడానికి అలా వాడవద్దని ఆ హెచ్చరిక చెబుతుంది. అది ఇప్పటికీ అక్కడ చట్టం.

పుస్తకం సంగతి వేరేగా నడిచింది. లిన్ పుస్తకం చదివి అలాగే నడుచుకున్న ఒక మహిళ చనిపోతే, ఆమె తరఫువారు ప్రచురణకర్త మీద దావా వేశారు. 1989లో పెన్సిల్వేనియా న్యాయస్థానం దాన్ని తోసిపుచ్చింది. పుస్తకంలోని ఆలోచనలకు రాజ్యాంగం వాక్ స్వాతంత్ర్యం ఇస్తోందని, సీసాకు వర్తించే వస్తు బాధ్యత మాటలకు వర్తించదని తీర్పు. 2004లో ఫ్లోరిడా వ్యాపారి ఒకరు ఆట్కిన్స్ సంస్థ మీద కేసు పెట్టారు. ఆ ఆహారం మొదలుపెట్టిన రెండు నెలలకే ఆయన కొలెస్ట్రాల్ 146 నుంచి 230కి ఎగబాకింది. రెండేళ్ల తర్వాత గుండె రక్తనాళం పూడుకుపోయి స్టెంటు వేయించుకోవలసి వచ్చింది. 2006లో న్యాయమూర్తి డెన్నీ చిన్ ఆ కేసునూ కొట్టేశారు. కొవ్వు పదార్థాలు తింటే ఏమవుతుందో మామూలు మనిషికి తెలుసని, సలహా అనేది లోపమున్న వస్తువు కాదని ఆయన తీర్పు సారాంశం. న్యాయంగా చూస్తే ఇందులో తప్పు పట్టలేం. ప్రతి సలహాకూ జరిమానా వేస్తే వంటల పుస్తకం రాసేవాడు కూడా మిగలడు. అయినా నష్టపోయినవాడికి చట్టం చేతిలో పెట్టింది ఏమీ లేదు.

మన దగ్గర ఈ అలలు సీసాల్లో కంటే మాటల్లోనే ఎక్కువ వచ్చాయి. కొన్నేళ్ల కిందట రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అన్నం మాని కొబ్బరినూనె, నెయ్యి తాగే పద్ధతి ఊరూరా పాకింది. సభలు కిక్కిరిశాయి, వీడియోలు ఇల్లిల్లూ తిరిగాయి. చాలామందికి బరువూ షుగరూ తగ్గిన మాట కూడా నిజమే. అమెరికా మధుమేహ సంఘం సైతం 2019లో పిండిపదార్థాలు తగ్గించడాన్ని ఒక మార్గంగా ఒప్పుకుంది. మధుమేహం, స్థూలకాయం నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని మన 1954 నాటి చట్టం నిషేధిస్తుంది. వేదిక మీద చెప్పే భోజన సలహా మీద మాత్రం ఎవరూ హెచ్చరిక చీటీ అతికించరు.

కాబట్టి ఆ చీటీ ఎవరికి వాళ్లే రాసుకోవాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతూ హఠాత్తుగా అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటితో రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2015లోనే హెచ్చరించింది. అన్నం మానేస్తే ఆ ముప్పు పెరుగుతుంది, పైగా ఇంట్లో గ్లూకోమీటర్ మామూలు అంకె చూపిస్తున్నా అది రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, రక్తపోటు మాత్రలు వాడేవారు మొదలుపెట్టకముందే తమ మందుల చీటీ పట్టుకుని డాక్టరును కలవండి. మాత్రల మోతాదు మార్చాల్సింది ఆయనే. వీడియో చూసి మీరు మార్చుకోకండి.