నర్సులు నిలిచిన ఆసుపత్రులు

1980ల తొలినాళ్లలో అమెరికాలోని అనేక ఆసుపత్రులు నర్సుల ఖాళీలను పూరించుకోలేక సతమతమవుతుండగా, కొన్నింటిలో మాత్రం చేరినవారు మానకుండా కొనసాగుతూ వచ్చారు. ఈ తేడాకు కారణాలు తెలుసుకోవడానికి పూనుకొన్న అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్, అటువంటి 41 ఆసుపత్రులను గుర్తించి, అక్కడి నర్సింగ్ అధికారుల, వార్డు నర్సుల అభిప్రాయాలు సేకరించి 1983లో నివేదిక వెలువరించింది. నర్సులను ఆకర్షించి నిలుపుకొనే ఈ ఆసుపత్రులకు ‘మాగ్నెట్’, అంటే అయస్కాంతం, అన్న పేరు స్థిరపడింది.

మంచి జీతం, వీలైన షిఫ్టులు అవసరమేనని ఆ నివేదిక గుర్తించినా, వాటితో పాటు యాజమాన్య నిర్ణయాల్లో నర్సింగ్ అధిపతి మాటకున్న విలువ, వైద్యులతో పరస్పర గౌరవం, పైచదువుకు అవకాశం, రోగి సంరక్షణలో సొంత నిర్ణయం తీసుకొనే స్వేచ్ఛ కూడా వృత్తి సంతృప్తికి మూలాలని తేల్చింది. ఈ చివరి అంశానికి అంతకుముందే ఒక చరిత్ర ఉంది. పాత పద్ధతిలో ఒక నర్సు వార్డంతా తిరిగి జ్వరం చూస్తే, మరొకరు మందులిచ్చేవారు, ఇంకొకరు కట్లు మార్చేవారు. ఫలితంగా రోగి పరిస్థితి పూర్తిగా ఎరిగిన నర్సు ఎవరూ ఉండేవారు కాదు. 1960ల చివర మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో రూపుదిద్దుకొన్న ‘ప్రైమరీ నర్సింగ్’ విధానం, ఒక రోగి సంరక్షణ బాధ్యతను చేరిక నుంచి డిశ్చార్జి దాకా ఒకే నర్సుకు అప్పగించి, ఆ వృత్తికి పోయిన నిండుదనాన్ని తిరిగి ఇచ్చింది.

నర్సుల సంతృప్తిపై పనిభారం ప్రభావాన్ని పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో లెక్కలతో చూపింది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించగా, ఒక్కో నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగినప్పుడల్లా ఆ నర్సుల్లో వృత్తి అసంతృప్తి అవకాశం 15 శాతం, శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించాయి. ఒక్కో నర్సు చూసే రోగులు ఇంతమందికి మించరాదని 1999లో చట్టం చేసిన కాలిఫోర్నియా, 2004 నుంచి ఆ పరిమితులను అమలు చేసింది.

కాబట్టి నర్సుల సంతృప్తిని వారి సొంత వ్యవహారంగానో, యాజమాన్యం చూపే దయగానో భావించడం పొరపాటు. అది రోగి ప్రాణరక్షణలో విడదీయరాని భాగం.